ఆదివారం పూజ చాలదా, యూనిట్ మీటింగ్‌కు కూడా వెళ్లాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చారు, ప్రతి ఆదివారం గుడిలో పూజకు, అంటే మాస్‌కు వెళ్తున్నారు. ఫాదర్ గారు మీ వీధిలో జరిగే చిన్న క్రైస్తవ సమాజం మీటింగ్‌కు, అంటే మనందరం యూనిట్ అని పిలుచుకునేదానికి కూడా రమ్మంటున్నారు. ఇది శ్రీసభ, అంటే కతోలిక సంఘం బోధనలో ఉన్నదా, లేక ఆయన సొంతంగా పెట్టుకున్నదా అని మీ అనుమానం.

సూటిగా చెప్పాలంటే ఆదివారం పూజ తప్పనిసరి, యూనిట్ తప్పనిసరి కాదు. మీటింగ్‌కు రాలేదని పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు ఎవరూ చెప్పుకోనక్కర్లేదు. కానీ అది ఫాదర్ గారి సొంత ఆలోచన మాత్రం కాదు.

నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఉప్పల్ వైపు పదమూడేళ్లుగా ఉంటున్నాను. మొదటి మూడేళ్లు నాదీ మీ దారే. చివరి బెంచీలో కూర్చోవడం, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోవడం, ప్రకటనలు మొదలవగానే బండి తాళం చేతిలోకి తీసుకోవడం. అడిగితే ట్రాఫిక్ అనేవాణ్ణి. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఉప్పల్‌లో ట్రాఫిక్ ఏముంటుంది చెప్పండి! మూడేళ్లలో నా పేరు తెలిసినవాళ్లు ఆ గుడిలో ఇద్దరుంటే ఎక్కువ.

బోధన సంగతి కొంచెం చెప్తాను. మనం శ్రీసభ అంటాం. సభ అన్నాక అది ఒక్కడితో జరగదు కదా. గ్రీకులో ఎక్లేసియా అన్న మాటకూ పిలుపు అందుకుని కూడినవాళ్లు అనే అర్థం. బైబిల్లో అపోస్తలుల కార్యములు రెండో అధ్యాయం చివర చూడండి: తొలి క్రైస్తవులు దేవాలయానికీ వెళ్లేవారు, ఇళ్లలో రొట్టె కూడా విరిచేవారు, ఉన్నది అమ్మి అవసరమున్నవాళ్లకు పంచేవారు. ప్రపంచంలోని బిషప్పులందరూ కూడిన రెండో వాటికన్ మహాసభ (1962–65) శ్రీసభ గురించి 1964లో ఒక పత్రం వెలువరించింది. అందులో రెండో అధ్యాయం దేవుని ప్రజ గురించి. పీఠాధిపతులు (బిషప్పులు), గురువుల (ఫాదర్ల) అధికారం సంగతి ఆ తర్వాత మూడో అధ్యాయంలో వస్తుంది. ఆ వరుస కావాలని పెట్టిందే. దేవుడు మనుషుల్ని విడివిడిగా కాదు, ఒక ప్రజగా చేసి రక్షించాలనుకున్నాడని అందులో ఉంది. కుటుంబాన్ని ఇంటి శ్రీసభ అన్నదీ ఆ పత్రంలోనే.

ఇక చిన్న సమాజాలు. లాటిన్ అమెరికాలో, తూర్పు ఆఫ్రికాలో ముందుగా బాగా అల్లుకున్నాయి. 1975లో ఆరో పౌలు పోపు గారు వీటి గురించి రాస్తూ మెచ్చుకున్నారు, శ్రీసభతో తెగతెంపులు చేసుకుని విమర్శే పనిగా పెట్టుకునే గుంపుల గురించి హెచ్చరించారు కూడా. 1990లో రెండో జాన్ పౌలు గారు ఇవి శ్రీసభలో జీవం ఉందనడానికి గుర్తు అన్నారు. అదే ఏడాది ఇండోనేషియాలోని బాండుంగ్‌లో కూడిన ఆసియా పీఠాధిపతులు, శ్రీసభ సమాజాలన్నీ కలిసిన ఒక సమాజంగా ఉండాలన్నారు. మీ ఫాదర్ గారి పిలుపు వెనక ఇంత కథ ఉంది.

అయినా నన్ను ఆలోచింపజేసింది ఈ పత్రాల కంటే శ్రీసభ చట్టంలోని ఒక చిన్న నియమం. విచారణ, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే పారిష్, మామూలుగా ఒక హద్దు. ఆ హద్దులో నివసించే కతోలికులందరూ ఆ విచారణవాళ్లే. భాషను బట్టో ఆరాధనా రీతిని బట్టో వేరే విచారణలు పెట్టవచ్చు కానీ అది మినహాయింపు. అంటే మీ తోటివాళ్లను మీరు ఎంచుకోరు, మీ ఇంటి అడ్రసు ఎంచుతుంది. యూనిట్ కూడా అంతే, నాలుగు వీధులకు ఒకటి.

హైదరాబాద్‌లో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ మనం ఎంచుకున్న సమాజాలకు కొదవ లేదు. మా ఊరివాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు అందరం కలిసి వెళ్తాం. తమిళులకు తమిళ పూజ, మలయాళీలకు వాళ్ల సంఘం, మరియ సేన, విన్సెంట్ డి పాల్ సభ లాంటి భక్త సంఘాలవాళ్లు వేరే. అవన్నీ మంచివే. విన్సెంట్ డి పాల్ సభ 1833లో పారిస్‌లో ఓజనాం అనే ఇరవై ఏళ్ల విద్యార్థి స్నేహితులతో మొదలుపెట్టినది, ఈనాటికీ పేదల ఇళ్లకు స్వయంగా వెళ్తుంది. కానీ ఎంచుకున్నచోట మనలాంటివాళ్లే పోగవుతారు. ఊరివాళ్ల గ్రూపులో నా కులంవాళ్లు కానివారు ఎంతమంది ఉన్నారో ఒకరోజు లెక్కపెట్టుకున్నాను. సంఖ్య చెప్పను, సిగ్గుపడ్డానని మాత్రం చెప్తాను.

మా యూనిట్‌లో రిటైరైన రైల్వే ఆయన ఉన్నారు, ఇద్దరు నర్సులు, ఒక సాఫ్ట్‌వేర్ జంట, మా ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం ఉన్నారు. నెలకు రెండుసార్లు, వంతులవారీగా ఒక్కో ఇంట్లో. చేసేది దక్షిణాఫ్రికాలోని లుమ్కో అనే సంస్థ నుంచి వచ్చిన ఏడు మెట్ల పద్ధతి: ప్రభువును పిలవడం, సువార్త చదవడం, మనసుకు తగిలిన మాటను పైకి పలకడం, మౌనం, ఎవరికి ఏం వినిపించిందో చెప్పుకోవడం, మనం చేయాల్సిన పని ఏమిటో మాట్లాడుకోవడం, ఆఖర్న ప్రార్థన.

ఇందులో ఆరో మెట్టు దగ్గరే చాలా యూనిట్లు జారిపోతాయి. ఐదు అవగానే ఎవరో ఒక పాట ఎత్తుకుంటారు, ఆ వెనకే టీ వచ్చేస్తుంది. మాదీ చాలాకాలం అలాగే నడిచింది.

ఓసారి వంతు వాచ్‌మన్ ఇంటికి వచ్చింది. సెల్లార్‌లో ఒకే గది, పక్కనే కార్లు. ఆ సాయంత్రం చాలామందికి ఉన్నట్టుండి పనులు పడ్డాయి. నాకూ ఒక సాకు సిద్ధంగానే ఉంది. మా ఆవిడ ‘నేను వెళ్తున్నాను, మీ ఇష్టం’ అని చెప్పులు వేసుకుంటే వెనకే నడిచాను. మొత్తం ఆరుగురం. చాప మీద కూర్చున్నాం. ఆ రోజు పాఠం మార్కు సువార్త రెండో అధ్యాయం, పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు తీసి దించే ఘట్టం.

మూడో మెట్టులో ఒక్కొక్కరం ఒక మాట పలకాలి. ‘విశ్వాసం’ అన్నాను నేను. వాచ్‌మన్ భార్య ‘నలుగురు’ అంది. తర్వాత ఆమె చెప్పింది ఇదీ: ‘మోసేటందుకు నలుగురంటే నాకు వేరే యాదికొస్తది సార్. మా ఆయనను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీస్కపోవాలె. ఆరోగ్యశ్రీల పైసలైతే అడగరు గానీ, ఆటోకే ఉన్నయన్నీ పోతున్నయ్. నలుగురొద్దు, ఒక్కరు దొరికితే సాలు.’

ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతి మీద ఉబ్బిన నరం కనిపిస్తోంది. ఏడాదిగా రోజూ ఆ గేటు ముందునుంచే వెళ్తున్నాను. గేటు తీసేది ఆమె ఎందుకు, అతను ఎందుకు కాదు అని ఒక్కరోజు కూడా అనుకోలేదు.

ఆ పాఠంలో ఒక వాక్యం ఉంది. యేసు వారి విశ్వాసాన్ని చూసి రోగితో మాట్లాడతాడు. వారి, అంటే మోసుకొచ్చినవాళ్లది కూడా. ఎన్నిసార్లు విన్నానో, ఆ ‘వారి’ మాత్రం అప్పుడే వినబడింది. ఆ రోజు మొదటిసారి ఆరో మెట్టును దాటవేయలేదు. రైల్వే ఆయన డైరీ తీసి వంతులు రాశారు: కారు ఉన్న సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఒక రోజు, నాకు ఒక రోజు, మాకు కుదరనప్పుడు ఆటో డబ్బులు నర్సులవి. ఆ ఆరుగురే.

తర్వాత టీ ఇచ్చారు. స్టీలు గ్లాసుల్లో. ఒకాయన గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండానే కింద పెట్టారు. షుగర్ అన్నారు. అంతకుముందు నెల మా ఇంట్లో ఆయన రెండు కప్పులు తాగారు. 2022 ఆగస్టులో మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. విన్న రోజు గుడిలో చప్పట్లు మారుమోగాయి. చప్పట్లు కొట్టిన చేతులే టీ గ్లాసు దగ్గర ఆగిపోతాయి. శ్రీసభలో కులం లేదని నేను మీకు చెప్పలేను. యూనిట్‌లో అది దాక్కోలేదని మాత్రం చెప్పగలను. ఆదివారం పూజలో బెంచీల మధ్య దాక్కోవచ్చు, చాప మీద కుదరదు. గ్లాసు కింద పెట్టినాయనతో గొడవ పడలేదు. ఫాదర్ గారికి చెప్పాను, ఆయన తర్వాతి మీటింగ్‌కు తనే వచ్చి అదే గదిలో టీ అడిగి తాగారు. షుగర్ ఆయన ఈమధ్య రావడం తగ్గించారు.

చిరాకులు కూడా ఉంటాయి, దాచను. ఒకరు పంచుకోవడం పేరుతో నలభై నిమిషాలు ఉపన్యాసమిస్తారు. ప్రార్థన కాగానే భువనగిరి వైపు ప్లాట్ల బ్రోచర్లు తీసే ఆయన ఒకరున్నారు. ఒకరింటి సంగతి ఇంకొకరింటికి చేరుతుంది. ఇంట్లో గొడవలు పంచుకునే ముందు కాస్త చూసుకోండి.

వచ్చే ఆదివారం ప్రకటనలు అయ్యేదాకా కూర్చుని, మీ వీధి ఏ యూనిట్ కిందికి వస్తుందో, లీడర్ ఎవరో గుడి ఆఫీసులో అడగండి. మొదటిసారి వెళ్లడానికి అక్టోబర్ సులువు, జపమాల మాసం కాబట్టి చాలాచోట్ల రోజుకో ఇంట్లో జపమాల ఉంటుంది, అరగంటలో అయిపోతుంది. ఐటీ షిఫ్టుల వల్ల సాయంత్రాలు కుదరవంటే ఆ మాట లీడర్‌కు ముందే చెప్పండి, మా దగ్గర ఇద్దరి కోసం శనివారానికి మార్చారు. నేను కూడా ఇక ఆపుతాను, రేపు డయాలసిస్ వంతు నాది, ఆరింటికల్లా గేటు దగ్గర ఉండాలి.