తప్పు మేనేజర్‌దా, యజమానిదా? ఫుట్‌బాల్ పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్ర: 2013 తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చిన మేనేజర్లంతా చేతకానివాళ్లని మా హాస్టల్లో సగం మంది అంటారు. కాదు, గ్లేజర్లే క్లబ్‌ను పీల్చేశారని మిగతా సగం. ఏది నిజమో తేల్చడం ఎలా?
*– విద్యార్థులు, విజయవాడ*

జ: ముందు డబ్బు సంగతి చూడండి. 2005లో గ్లేజర్ కుటుంబం దాదాపు 79 కోట్ల పౌండ్లకు క్లబ్‌ను కొన్నది. అందులో సగానికి మించి అప్పు తెచ్చినదే. ఆ అప్పులో పెద్ద భాగాన్ని క్లబ్ నెత్తినే పెట్టారు. అంతవరకూ అప్పన్నది లేని క్లబ్, తనను కొన్నవాళ్ల అప్పుకు తానే వడ్డీ కట్టడం మొదలుపెట్టింది. కడుపు మండిన కొందరు అభిమానులు ఆ ఏడాదే విడిపోయి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అనే సొంత క్లబ్ పెట్టుకున్నారు.

అయితే ఆటగాళ్లను కొనడానికి డబ్బివ్వలేదన్న మాట మాత్రం నిలబడదు. 2013 తర్వాత యునైటెడ్ వంద కోట్ల పౌండ్లకు పైగా బదిలీల మీద పోసింది. లోపమంతా ఆ డబ్బు ఎవరి మాట మీద ఖర్చయిందన్న దగ్గర ఉంది. 2013 దాకా మేనేజర్‌గా ఉన్న ఫెర్గూసన్ వెళ్లాక క్లబ్‌ను నడిపిన ఎడ్ వుడ్‌వర్డ్ బ్యాంకింగ్ నుంచి వచ్చిన మనిషి. ఫుట్‌బాల్ డైరెక్టర్ అనే పదవిని యునైటెడ్ మొదటిసారి భర్తీ చేసింది 2021 మార్చిలో. అప్పటిదాకా ఏ మేనేజర్ వస్తే అతని ఆటే క్లబ్ ఆట. వాన్ గాల్ బంతిని తమ దగ్గరే ఉంచుకోవాలన్నాడు. మౌరిన్యో వెనక్కి తగ్గి ఎదురుదాడి చేయమన్నాడు. తర్వాత టెన్ హాగ్, ఆ తర్వాత ముగ్గురు సెంటర్ బ్యాక్‌ల పద్ధతి తప్ప మరోటి ఒప్పుకోని అమోరిమ్. ఒకరి కోసం కొన్న ఆటగాడు తర్వాతివాడికి పనికిరాడు. నాలుగైదేళ్ల ఒప్పందం మీద ఉన్నాడు కాబట్టి అమ్ముడూ పోడు.

2024 ఒక్కటి చాలు చూపడానికి. మేలో టెన్ హాగ్ ఎఫ్‌ఏ కప్ గెలిచాడు. క్లబ్ వేరేవాళ్లతో మాట్లాడి చూసి, చివరికి జూలైలో అతని ఒప్పందాన్నే 2026 వరకు పొడిగించింది. ఆ వేసవిలో అతనికి నచ్చిన ఆటగాళ్లనూ కొన్నది. అక్టోబర్ 28న తీసేసింది. అతనికీ సహాయకులకూ కలిపి 1.04 కోట్ల పౌండ్లు. కొత్త మేనేజర్ అమోరిమ్‌ను విడిపించడానికి అతని పాత క్లబ్ స్పోర్టింగ్‌కు 1.1 కోట్ల యూరోలు. ఆ సీజన్ ముగిసేసరికి 15వ స్థానం, 42 పాయింట్లు. అప్పటికి బ్రిటిష్ వ్యాపారవేత్త జిమ్ రాట్‌క్లిఫ్ వాటా కొని ఫుట్‌బాల్ వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నాడు కాబట్టి ఈ నిర్ణయాలు అతని బృందానివి. కానీ ఓట్లలో మెజారిటీ ఇప్పటికీ గ్లేజర్లదే. వాళ్ల దగ్గరున్న బీ తరగతి షేరు ఒక్కోదానికి పది ఓట్లు, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో మనం కొనగలిగే ఏ తరగతి షేరుకు ఒక్క ఓటు.

మీ గొడవలో మా ఓటు రెండో సగానికే, కాకపోతే కారణం మారుతుంది. గ్లేజర్ల పెద్ద తప్పు పిసినారితనం కాదు. ఆట తెలిసిన మనిషిని మేనేజర్‌కు పైన కూర్చోబెట్టకుండా ఎనిమిదేళ్లు గడిపేయడం.

ప్ర: మేనేజర్‌ను తీసేస్తే అసలు ఎంత ఖర్చవుతుంది? పత్రికల్లో ఒక్కోచోట ఒక్కో అంకె.
*– ఖమ్మం*

జ: ఒక్కో పత్రిక ఒక్కో ముక్క చెబుతుంది. మీరు నాలుగు ముక్కలు కలపాలి: మేనేజర్‌కు చెల్లించేది, అతనితో వచ్చిన సహాయక కోచ్‌లకు చెల్లించేది, కొత్త మేనేజర్‌ను విడిపించడానికి అతని పాత క్లబ్‌కు ఇచ్చేది, కొత్త సహాయకుల జీతాలు.

మొదటి ముక్క ఒప్పందంలోని ఒక్క షరతు మీద ఆధారపడుతుంది. జాగ్రత్తగా రాసుకున్న ఒప్పందంలో తీసివేతకు ఒక ఏడాది జీతం అన్న పరిమితి ఉంటుంది. లేదా నెలనెలా చెల్లిస్తూ, అతనికి కొత్త ఉద్యోగం దొరికిన రోజున ఆపేస్తారు. ఆ పరిమితి లేకపోతే మిగిలిన కాలమంతటి జీతం కట్టాల్సిందే. మేనేజర్ ఆంటోనియో కాంటేను, అతని సిబ్బందిని తీసేయడానికి చెల్సీకి 2.66 కోట్ల పౌండ్లయింది. అదే చెల్సీ 2022 సెప్టెంబర్‌లో గ్రాహమ్ పాటర్ కోసం బ్రైటన్‌కు 2 కోట్ల పౌండ్లకు పైగా ఇచ్చి, అతనితో ఐదేళ్ల ఒప్పందం రాసుకుని, ఏడు నెలలు తిరక్కుండానే పంపించేసింది. అభిమానులు కొత్త మేనేజర్‌కు ఎన్నేళ్లు ఇచ్చారో చూసి మురిసిపోతారు. చూడాల్సింది మధ్యలో విడిపోతే ఏమిటన్న షరతు.

ప్ర: బ్లాక్‌బర్న్ రోవర్స్ యజమానులు తెలుగు కుటుంబమే కదా. డబ్బు పెడుతున్నా అక్కడి అభిమానులకు వాళ్లంటే ఎందుకంత కోపం?
*– నెల్లూరు*

జ: పుణే కేంద్రంగా ఉన్న కోళ్ల వ్యాపార సంస్థ వెంకటేశ్వర హేచరీస్‌ను 1971లో స్థాపించిన బి.వి. రావు కుటుంబమే వెంకీస్. 2010 నవంబర్‌లో 2.3 కోట్ల పౌండ్లకు క్లబ్‌ను కొని, ఉన్న అప్పులనూ తలకెత్తుకున్నారు. 1995లో ఇంగ్లండ్ చాంపియన్ అయిన జట్టు అది. కొన్ననాటికి ఇంగ్లండ్ పై అంచె అయిన ప్రీమియర్ లీగ్‌లో నిలకడగానే ఆడుతోంది.

నెల తిరగకుండా, డిసెంబర్ 13న శామ్ అలర్డైస్‌ను తీసేశారు. అప్పుడు జట్టు 13వ స్థానంలో ఉంది. చిన్న బడ్జెట్‌తో పెద్ద లీగ్‌లో నిలబడటం తెలిసిన మేనేజర్‌ను పంపి, అంతకుముందు ఎక్కడా మేనేజర్‌గా చేయని స్టీవ్ కీన్‌కు పగ్గాలిచ్చారు. 2012 మేలో సొంత మైదానంలో విగన్ చేతిలో ఓడి జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి కింది అంచెకు దిగిపోయింది. ఆ రోజు అభిమానులు మైదానంలోకి కోడిని వదిలారు.

దాని తర్వాతి సీజన్ ఇంకా ఘోరం. హెన్నింగ్ బెర్గ్‌తో మూడేళ్ల ఒప్పందం రాసుకుని 57 రోజులకే పంపారు. మైకేల్ ఆపిల్టన్‌కు దక్కినవి 67 రోజులు. మిగిలిన కాలపు జీతం మొత్తం రావాలని బెర్గ్ కోర్టుకెక్కితే, ఆ ఒప్పందం రాసే అధికారం క్లబ్ మేనేజింగ్ డైరెక్టర్‌కు లేదని క్లబ్ వాదించబోయింది. కోర్టు ఒప్పుకోలేదు. 22.5 లక్షల పౌండ్లు కట్టాల్సి వచ్చింది. పైన ఖమ్మం పాఠకుడికి చెప్పిన పరిమితి షరతు లేకపోతే జరిగేది ఇదే. పుణేలో ఉన్నవాళ్లకూ బ్లాక్‌బర్న్‌లో సంతకం పెట్టేవాళ్లకూ మధ్య ఎవరి అధికారం ఎంతవరకో రాసి ఉండకపోతే ప్రతి నియామకం ఇలాగే తగవులో పడుతుంది. 2017లో క్లబ్ మూడో అంచెకు పడిపోయింది. టోనీ మౌబ్రే ఏడాదిలోనే పైకి తెచ్చి 2022 దాకా ఉన్నాడు. వెంకీస్ ఏలుబడిలో స్థిరంగా గడిచిన కాలం అదే, అప్పుడు మేనేజర్‌ను మార్చలేదు.

డబ్బు పెట్టారన్నది నిజం. కిందికి పడ్డాక కూడా ఏటా లోటు పూడుస్తూ వచ్చారు. చాలామంది యజమానులు ఆ దశలో చేతులు దులుపుకుంటారు. కానీ క్లబ్ బతుకు వాళ్ల చెక్కు మీదే ఆధారపడిపోయింది. ఈడీ విచారణ నేపథ్యంలో 2023లో ఇంగ్లండ్‌కు డబ్బు పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి అవసరమైనప్పుడు అది బయటపడింది. 2024 ఫిబ్రవరి 1న, బదిలీల గడువు చివరి రోజున, సొంత అకాడమీలో పెరిగిన ఆడమ్ వార్టన్ క్రిస్టల్ ప్యాలెస్‌కు వెళ్లిపోయాడు. మొదటి విడత 1.8 కోట్ల పౌండ్లు. తెలుగువాళ్లమని వెనకేసుకు రావాలనిపించడం సహజమే. కానీ ఆ 13వ స్థానాన్ని పోగొట్టింది ఆ ఒక్క డిసెంబర్ నిర్ణయం. అక్కడి అభిమానుల కోపానికి న్యాయముంది.

ప్ర: కొత్త కోచ్ వచ్చీరాగానే జట్టు గెలవడం మొదలుపెడుతుంది కదా. మరి మార్చడం తప్పెలా అవుతుంది?
*– కర్నూలు*

జ: మేనేజర్‌ను తీసేసేది జట్టు అట్టడుగున ఉన్నప్పుడే. గాయపడ్డవాళ్లు తిరిగొస్తారు, గోల్‌పోస్ట్‌కు తగిలిన బంతులు లోపలికి పోవడం మొదలవుతుంది. పాతవాడే ఉన్నా కొంత కోలుకునేది. తేడా పట్టుకోవాలంటే ఇలా చేయండి. కొత్త కోచ్ ఆడించిన మొదటి పది మ్యాచ్‌లు రాసుకోండి. అవే ప్రత్యర్థులతో, అదే మైదానంలో (సొంతదో, బయటిదో) కిందటిసారి వచ్చిన పాయింట్లు పక్కన వేయండి. ఆ తర్వాత గోల్స్ కాకుండా ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ (దొరికిన అవకాశాలను బట్టి రావాల్సిన గోల్స్ అంచనా) తేడా చూడండి. పాయింట్లు పెరిగి ఆ తేడా పెరగకపోతే అది అదృష్టం, ఎక్కువ కాలం నిలవదు.

ప్ర: యజమాని కుబేరుడైతే ఎంతైనా పోయవచ్చు కదా?
*– డల్లాస్ నుంచి ఒక పాఠకుడు*

జ: పోయలేడు. ప్రీమియర్ లీగ్ పాత లెక్క ప్రకారం మూడేళ్లకు కలిపి అనుమతించే నష్టం 10.5 కోట్ల పౌండ్లు. అందులోనూ 9 కోట్లు యజమాని అప్పుగా కాకుండా పెట్టుబడిగా పెట్టి ఉండాలి. లేకపోతే పరిమితి 1.5 కోట్లే. స్టేడియం, అకాడమీ, మహిళల జట్టు ఖర్చులు ఈ లెక్కలోకి రావు. ఈ పరిమితి దాటినందుకు ఎవర్టన్‌కు 2023 నవంబర్‌లో 10 పాయింట్లు కోసి, అప్పీల్లో 6కు తగ్గించి, ఏప్రిల్‌లో మరో 2 కోశారు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 4 పోయాయి. 2026-27 నుంచి క్లబ్‌లు ఒప్పుకున్న కొత్త పద్ధతిలో జట్టు ఖర్చు రాబడిలో 85 శాతం దాటకూడదు. యూరప్ పోటీల్లో ఆడాలంటే యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా గీత 70 శాతం. ఈ ఖర్చులో హెడ్ కోచ్ జీతమూ కలుస్తుంది కాబట్టి ఖరీదైన కోచ్ కావాలంటే ఆ మేరకు ఆటగాళ్ల మీద తగ్గించుకోవాలి.

ప్ర: ఎఫ్‌ఏ కప్ గెలిచిన క్రిస్టల్ ప్యాలెస్‌ను యూరోపా లీగ్ నుంచి ఎందుకు దించారు? సహయజమాని జాన్ టెక్స్టర్‌కు అప్పటికి సగం వాటా కూడా లేదే!
*– విశాఖపట్నం*

జ: అప్పటికి అతని వాటా దాదాపు 43 శాతం, ఓటు హక్కు 25 శాతమే. క్లబ్ వాదనా అదే, అతనికి నిర్ణయాలు చేసే బలం లేదని. కానీ యుయెఫా నియమం సగం వాటా గురించి మాట్లాడదు. ఒకే పోటీలో ఆడే రెండు క్లబ్‌ల మీద ఒకే మనిషికి గట్టి పలుకుబడి ఉందా అన్నదే చూస్తుంది. టెక్స్టర్‌కు అప్పట్లో ఫ్రాన్స్ క్లబ్ లియోన్ కూడా ఉండేది. దేశవాళీ లీగ్‌లో లియోన్ 6వది, ప్యాలెస్ 12వది, కాబట్టి లియోన్‌కు చోటు దక్కింది. ప్యాలెస్ యూరోపా లీగ్‌కు కింది పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్‌కు దిగింది. 2025 ఆగస్టులో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానమూ అదే ఖాయం చేసింది.

ప్యాలెస్‌ను దెబ్బతీసింది గడువు. 2025 మార్చి 1 నాటికే వాటాలు సర్దుకోవాలి. కప్ గెలిచింది మే 17న. మార్చిలో ఆ ఆలోచన ఎవరికి వస్తుంది? అంతకుముందు ఏడాది యునైటెడ్, ఫ్రాన్స్ క్లబ్ నీస్ రెండింటిలోనూ రాట్‌క్లిఫ్‌కు వాటా ఉన్నా, నీస్ వాటాలను తాత్కాలికంగా స్వతంత్ర ట్రస్టు చేతికిచ్చి యూరోపా లీగ్‌లో రెండూ ఆడాయి. నియమం అవసరమైనదే. తేదీ విషయంలో మాత్రం ప్యాలెస్ అభిమానుల వైపే మేమూ.

ప్ర: మా హైదరాబాద్ ఎఫ్‌సీని ఢిల్లీకి తరలించేశారు. జర్మనీలోలాగా ఇక్కడా అభిమానుల చేతిలో ఓటు ఉంటే ఆపగలిగేవాళ్లమా?
*– గచ్చిబౌలి*

జ: జర్మనీలో 1998 నుంచి ఉన్న 50+1 నియమం ప్రకారం, వృత్తి ఫుట్‌బాల్ నడిపే కంపెనీలో సగానికి ఒక్కటి ఎక్కువ ఓట్లు సభ్యుల సంఘానివే కావాలి. బయర్న్ మ్యూనిక్‌లో సంఘానికి 75 శాతం. అడిడాస్, ఆడి, అలియాంజ్ తలా 8.33 శాతం. అలాంటి చోట సభ్యులు ఒప్పుకోకుండా ఊరు మార్చడం కుదరదు. అయితే ఓటున్నంత మాత్రాన మేనేజర్‌ను సభ్యులే ఎన్నుకుంటారనుకోకండి. వాళ్లు పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు, మేనేజర్ సంగతి ఆ తర్వాతివాళ్లు చూస్తారు.

మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో సభ్యుల సంఘం అన్నదే లేదు. ఉన్నవి ఫ్రాంచైజీ కంపెనీలు. 2019లో పుణే ఫ్రాంచైజీ స్థానంలోనే హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. మనోలో మార్కెజ్ కోచ్‌గా 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి చాంపియన్ అయింది. 2023-24లో జీతాల బకాయిలు, ఫిఫా బదిలీల నిషేధం, ఆటగాళ్ల వలస, మొత్తం సీజన్‌లో ఒక్క గెలుపు. 2024లో జిందాల్ సంస్థ చేతికి వెళ్లి, 2025 అక్టోబర్‌లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణే నుంచి వచ్చినట్టే ఇక్కడి నుంచీ పోయింది.  ఓటు దాకా వెళ్లకపోయినా, ఊరు, పేరు, రంగులు మార్చాలంటే అభిమానులను సంప్రదించాలన్న షరతును లైసెన్సులో పెట్టమని ఫెడరేషన్‌ను అడగవచ్చు. ఇంగ్లండ్ 2025 జూలైలో చేసిన ఫుట్‌బాల్ చట్టంలో ఇలాంటి రక్షణలే ఉన్నాయి.

ప్ర: యజమాని ఎంత పెట్టాడు, ఎంత తీశాడు అన్నది సామాన్యుడు చూడగలడా?
*– వరంగల్*

జ: ఇంగ్లిష్ క్లబ్‌లవి కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఉచితం. క్లబ్ పేరుతో పాటు మాతృ కంపెనీ పేరూ వెతకండి. బ్లాక్‌బర్న్‌కైతే వెంకీస్ లండన్ లిమిటెడ్. ఫైలింగ్ హిస్టరీలో ఏటి లెక్కలు తెరిచి జీతాల మొత్తాన్ని టర్నోవర్‌తో భాగించండి, 70 శాతం దాటితే జాగ్రత్త, వంద దాటితే యజమాని చెక్కు మీద బతుకుతున్నట్టు. తర్వాత సంబంధిత పక్షాల లావాదేవీల నోట్ చదవండి. చెల్సీ తన రెండు హోటళ్లను 7.65 కోట్ల పౌండ్లకు సోదర కంపెనీకే అమ్మిన సంగతి బయటపడింది ఇలాంటి లెక్కల్లోనే. చార్జెస్ విభాగంలో స్టేడియం తాకట్టులో ఉందో లేదో తెలుస్తుంది. మన క్లబ్‌లకు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో చిన్న రుసుము కట్టి ఏఓసీ-4, ఎంజీటీ-7 తీసుకోండి. మొదటిదాంట్లో ఆస్తి అప్పులు, రెండోదాంట్లో వాటాదారులు ఉంటారు. లెక్కలు ఏడాదో అంతకుమించో ఆలస్యంగా వస్తాయి కాబట్టి ఈ సీజన్ కోచ్ గురించి వాదించేటప్పుడు అవి కిందటి సీజన్లవని గుర్తుంచుకోండి.