డర్హమ్‌లో విజిటింగ్ విద్యార్థి రోజు ఎలా గడుస్తుంది?

మీరు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తూ, అక్టోబర్ నుంచి ఆరు నెలలు ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయంలో విజిటింగ్ విద్యార్థిగా ఉండబోతున్నానని రాశారు. చలి, తిండి, తోడు, ఈ మూడింటి గురించి అడిగారు. అదే ఊళ్ళో, సరిగ్గా అదే కాలంలో, ఖగోళ భౌతికశాస్త్ర పరిశోధన కోసం ఉండి వచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. చలికి కోటు దొరుకుతుంది, తిండికి బియ్యం దొరుకుతాయి. ఆ రెండింటికీ భయపడకండి. మూడోదే అసలు సంగతి.

అక్కడే చేరి చదివే విద్యార్థికి క్లాసులు, పరీక్షలు ఉంటాయి, రాకపోతే అడిగేవాళ్ళుంటారు. మనకు అవేవీ ఉండవు. మొదటి రోజు ఒక కార్డు చేతిలో పెడతారు, ఒక బల్ల చూపిస్తారు, ప్రింటర్ ఎక్కడుందో చెబుతారు, అంతే. ఆ తరువాత నాలుగు రోజులు గదిలోనే ఉండిపోయినా ఎవరూ తలుపు తట్టరు. దాన్ని నిర్లక్ష్యం అనుకోవద్దు. పిలవకుండా ఒకరి జోలికి వెళ్ళకపోవడం వాళ్ళ మర్యాద. భోజనం చేశారా, ఎక్కడికి బయలుదేరారు అని పలకరించే చోటినుంచి వెళ్ళిన మనకు అది మొదట్లో వెలితిగా ఉంటుంది. రోజును ఎవరో అమర్చి పెట్టరు, మనమే కూర్చుకోవాలి.

అందుకు అన్నిటికన్నా పనికొచ్చేది డిపార్ట్‌మెంట్ టీ. మా బృందం ఉండేది సౌత్ రోడ్ వైపున్న ఆగ్డెన్ సెంటర్ అనే భౌతికశాస్త్ర పరిశోధన భవనంలో. 2017లో తెరిచారు, వాస్తుశిల్పి డేనియల్ లిబెస్కైండ్ రూపకల్పన. బయటంతా చెక్క పలకలు తొడిగి ఉంటుంది, లోపల ఏ గోడ ఎటు వంగిందో తెలియడానికి కొంతకాలం పడుతుంది. ఉదయం పదకొండు ప్రాంతంలో ఒక్కొక్కరే కప్పు పట్టుకుని బయటికి వస్తారు. మనం ఏళ్ళ తరబడి ఎవరి పరిశోధన వ్యాసాలు చదివామో ఆయన సింకు దగ్గర తన కప్పు తానే కడుక్కుంటూ, పక్కకు జరిగి మనకు చోటిస్తారు. మాట వాన గురించి మొదలవుతుంది, రైలు ఆలస్యాల మీదుగా నడుస్తుంది, ఎక్కడో మధ్యలో ఎవరో "నిన్నటి గ్రాఫ్‌లో ఆ మలుపు ఎందుకొచ్చింది?" అంటారు. నా కంప్యూటర్ సిమ్యులేషన్ ఫలితాలు ఎందుకు సరిపోలడం లేదో ఈమెయిళ్ళలో తేలలేదు. ఈ టీ దగ్గరే ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేస్తున్నవాడు) బిస్కెట్ డబ్బా మూత వెనక పెన్సిలుతో గీసి చూపించాడు. అందుకే చెబుతున్నాను, పని ఎంత ఉన్నా టీ మానకండి. మీకు టీ అలవాటు లేకపోతే వేణ్ణీళ్ళ కప్పు పట్టుకుని నిలబడినా ఎవరూ ఏమీ అనుకోరు.

గైడ్‌తో సమావేశం వారానికి ఒకసారి, అరగంట. అరగంట అంటే అరగంటే. రెండు బొమ్మలు, మూడు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ప్రొఫెసర్లను పేరుపెట్టి పిలవాలి. నాకు నోరు రాక చాలాకాలం పేరే ఎత్తకుండా మాటలు తిప్పుకుంటూ గడిపాను. సాయంత్రం ఆరయ్యేసరికి అంతస్తు ఖాళీ అవుతుంది. అర్ధరాత్రి దాకా ల్యాబ్‌లో కూర్చోవడాన్ని అక్కడ శ్రద్ధకు గుర్తుగా చూడరు, ఏదైనా ఇబ్బందిలో ఉన్నారేమోనని చూస్తారు. కూర్చోక తప్పకపోతే విశ్వవిద్యాలయం వారి బిల్ బ్రైసన్ లైబ్రరీకి వెళ్ళండి, టర్మ్ రోజుల్లో, అంటే క్లాసులు జరిగే కాలంలో, రాత్రంతా తెరిచే ఉంటుంది. మరో మాట: మీ సంస్థలో ఎడ్యురోమ్ (విద్యాసంస్థల ఉమ్మడి వైఫై) ఉంటే ఇక్కడి పాస్‌వర్డుతోనే అక్కడి వైఫై కలుస్తుంది. ఫోనులో ఇక్కడే సిద్ధం చేసుకుని వెళ్ళండి.

డర్హమ్‌లో 17 కళాశాలలున్నాయి. ఇవి చదువు చెప్పే కళాశాలలు కావు, హాస్టల్‌కూ సంఘానికీ మధ్యరకం. పరిశోధక విద్యార్థులకు ఎక్కువగా యుస్టినోవ్ కాలేజీ దొరుకుతుంది, అది నగరం నడిబొడ్డుకు కాస్త దూరం. బయట అద్దె గది చవకగా కనిపించినా ఈ ఆరు నెలలకూ కళాశాల గదే తీసుకోమంటాను. కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్ బిల్లుల తలనొప్పి ఉండదు. అంతకన్నా ముఖ్యంగా, సాయంత్రం కిందికి దిగితే ఎవరో ఒకరు ఉంటారు. ఎవరైనా ఫార్మల్ విందుకు పిలిస్తే వెళ్ళండి. యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు ఉండేది 1072లో మొదలైన కోటలోనే. నల్ల గౌన్లు వేసుకుని ఆ పెద్ద హాలులో కొవ్వొత్తుల వెలుగులో భోజనం చేస్తారు. శాకాహారమైతే ముందే చెప్పాలి. రుచి గురించి మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఇక చలి అన్నారు. దానికన్నా చీకటి కష్టం. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబర్‌లో ఎనిమిదిన్నరకు గానీ తెల్లవారదు, మధ్యాహ్నం మూడుంముప్పావు కాకుండానే పొద్దు గుంకుతుంది. మబ్బు పడితే ఆ కాస్త వెలుగూ ఉండదు. మధ్యాహ్న భోజనం తరువాత అరగంట బయట నడవడం మందులా పెట్టుకోండి. వియర్ నది ఊరిని మూడు వైపులా చుట్టి పారుతుంది, ఒడ్డున కాలిబాట ఉంది, కింద నుంచి చూస్తే చెట్ల మీదుగా కథీడ్రల్ అనే పెద్ద చర్చి గోపురాలు కనిపిస్తాయి. ఊరంతా ఎత్తుపల్లాలు, పాత వీధుల్లో రాళ్ళ పరుపు. వాన పడితే జారుతుంది. ఖరీదైన కోటు కన్నా ముందు, పట్టున్న బూట్లు కొనండి. ఆ గాలికి గొడుగు తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్‌కోటే మేలు.

ఆ చీకటి సాయంత్రాల్లో నాకు అలవాటైన చోటు కథీడ్రల్. 1093లో పునాది వేసిన కట్టడం, కోటతో కలిపి 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చాలా రోజుల్లో సాయంత్రం అయిదు దాటాక ఈవెన్‌సాంగ్ అనే పాటల ప్రార్థన ఉంటుంది. ఎవరైనా వెళ్ళవచ్చు, టికెట్ లేదు, మీ మతం ఏమిటని అడిగేవారు లేరు. గాయకులకు దగ్గరగా, చెక్క ఆసనాల్లో కూర్చోనిస్తారు. పిల్లల గొంతులు ఆ రాతి కప్పుదాకా లేచి ఆగిపోయాక కూడా కొన్ని క్షణాలు ధ్వని నిలుస్తుంది. నేను దైవభక్తి ఉన్నవాణ్ణి కాను, అయినా వారంలో ఒకటి రెండు సాయంత్రాలు అక్కడే ఉండేవాణ్ణి.

వంట సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వంటగది ఐదారుగురికి ఒకటి, ఫ్రిజ్‌లో మీకు ఒక అర. పొయ్యి చదునైన గాజు పలక. అడుగు గుండ్రంగా ఉన్న మన మూకుడు దానిమీద నిలబడదు. అడుగు చదునుగా ఉన్న మూడు లీటర్ల కుక్కర్ ఒకటి, చిన్న బాండీ ఒకటి చాలు. చాలా హాస్టళ్ళలో పొగను పసిగట్టే అలారం ఉండేది వంటగదిలో కాదు, బయట నడవాలో; వంటగదిలో ఉండేది వేడిని బట్టి మోగేది. అంటే పోపులో ఎండుమిరపకాయలు వేసేటప్పుడు తలుపు తెరిచి ఉంచితేనే ప్రమాదం. మా అంతస్తులో ఎవరో ఆమ్లెట్ మాడ్చి తలుపు తెరిచేసరికి భవనం మొత్తం చెప్పులతో, దుప్పట్లతో వానలో నిలబడింది. మీ ఆవకాయ ఘాటుకు భయపడేది మీరే, వాళ్ళు కాదు. కొరియా అమ్మాయి కిమ్చీ, గ్రీకు అబ్బాయి చేపలు అదే ఫ్రిజ్‌లో ఉంటాయి. కుక్కర్ మొదటి కూతకు మాత్రం ముందే చెప్పి పెట్టండి, ఉలిక్కిపడతారు.

కందిపప్పు, బియ్యం పెద్ద సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి, చిన్న పొట్లాలు. పది కిలోల బస్తా, కొత్తిమీర కట్ట, పచ్చిమిర్చి కావాలంటే న్యూకాసిల్ వెళ్ళాలి. రైలులో సుమారు పావుగంట, నగరం పడమటి వైపు వెస్ట్ రోడ్‌లో దక్షిణాసియా దుకాణాలున్నాయి. రాత్రి పొద్దుపోయాక సూపర్‌మార్కెట్‌లో పసుపు చీటీ అంటించిన సరుకులు చూడండి, గడువు ఆ రోజుతో తీరేవి, ధర బాగా తగ్గిస్తారు. ఆదివారం పెద్ద దుకాణాలు చట్టప్రకారం ఆరు గంటలే తెరుస్తారు, సాయంత్రం వెళితే తలుపులు మూసి ఉంటాయి. పెరుగు తోడు పెట్టి, గిన్నెకు తువ్వాలు చుట్టి రేడియేటర్ పక్కన ఉంచితే తెల్లారేసరికి గట్టిగా తోడుకుంటుంది. ఇంటి నుంచి పచ్చళ్ళు, పొడులు, ఎండబెట్టిన కరివేపాకు తీసుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా సర్దవద్దు. బయటి దేశాల పాల పదార్థాలను, మాంసాన్ని అక్కడికి రానివ్వరు. అమ్మకు ఈ సంగతి నచ్చజెప్పడం వీసా కన్నా కష్టం.

ఇంటికి ఫోను ఉదయం చేయండి. శీతాకాలంలో అక్కడ ఎనిమిదయితే ఇక్కడ ఒంటిగంటన్నర, భోజనాలు అయిన సమయం. మీ పని ముగిసే సాయంత్రం ఆరుకు ఇంట్లో రాత్రి పదకొండున్నర.

కాగితాల విషయం టూకీగా. ఆరు నెలల లోపైతే సాధారణంగా స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది, కానీ దానిమీద ఒక్క గంట కూడా జీతానికి పని చేయకూడదు. భౌతిక, రసాయన, ఇంజనీరింగ్ శాఖల్లో కొన్ని పరిశోధనలకు అటాస్ అనే అనుమతి పత్రం ముందే కావాలి, దానికి వారాలు పడుతుంది, ఇప్పుడే అడగండి. ప్రభుత్వ వైద్యం కోసం వీసాతోపాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జి విజిటర్లు కట్టరు కాబట్టి ఆసుపత్రిలో చేరితే బిల్లు మనదే, అదీ మామూలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు. బీమా లేకుండా వెళ్ళవద్దు. వాడే మందులు డాక్టరు చీటీతో సహా పట్టుకెళ్ళండి. యాంటీబయాటిక్‌లు ఊరికే అడిగితే మందుల దుకాణంలో ఇవ్వరు.

తెలుగువాళ్ళు కనిపిస్తారా అని కూడా అడిగారు. డర్హమ్‌లో తక్కువ. మిడిల్స్‌బ్రోలోని టీసైడ్ విశ్వవిద్యాలయం వైపు చాలామంది ఉన్నారు. వెళ్ళి కలవండి, ఆదరిస్తారు, అన్నా అని పిలిచి అన్నం పెడతారు. ఒక్కటి గుర్తుంచుకోండి. మనం ఫెలోషిప్ మీద వెళ్ళినవాళ్ళం. వాళ్ళలో చాలామంది అప్పు మీద వచ్చినవాళ్ళు. టర్మ్‌లో వారానికి 20 గంటల పరిమితిలో గోదాముల్లో, వృద్ధులను చూసుకునే కేర్ హోముల్లో పనిచేసి, రాత్రి పనినుంచి వచ్చి పగలు క్లాసుకు వెళతారు. వాళ్ళ ముందు చీకటి గురించి, ఒంటరితనం గురించి నేను నోరెత్తలేదు.

మార్చిలో వచ్చేముందు ఒక పని తప్పక చేయండి. విజిటింగ్ ఖాతాలు గడువు తేదీతో మూసుకుపోతాయి. కంప్యూటర్ ఖాతాలోని ఫలితాలు, ఈమెయిళ్ళు ఆఖరి వారం దాకా ఆగకుండా దించుకోండి. వ్యాసంలో పేర్ల వరుస ఎలా ఉండాలో కూడా అక్కడున్నప్పుడే, ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోండి. వీసా కోసం మీ సంస్థ ఇచ్చే లేఖ గురించి ఇంకేదైనా సందేహం ఉంటే కింద అడగండి, చెబుతాను.