ఉర్దూ సాహిత్యం కొత్తగా చదవాలంటే ఎవరితో మొదలుపెట్టాలి? నా అనుభవంలో, వచనంతో

మీరు రెండు సంగతులు అడిగారు. ఉర్దూలో చదవదగ్గ కవులు, వచన రచయితలు ఎవరు? లిపి రాని తెలుగువాళ్ళు ఎవరితో మొదలుపెడితే బాగుంటుంది? రెండోదానికి ఎవర్ని అడిగినా ముందు గజల్ వైపే వేలు చూపిస్తారు. నేను మాత్రం వచనంతో మొదలుపెట్టమంటాను. నేను ఉర్దూలోకి వెళ్ళింది కథల దారిలోనే, అదీ దేవనాగరి అచ్చులో. గజల్ రుచి తెలిసింది ఆ తర్వాతే.

గజల్‌లో ఒక్కో షేర్ అంటే రెండు పాదాలు. అందులో సగం మాట పైకి చెప్పరు. మధువు పోసే సాకీ, మధుశాల, దీపం చుట్టూ తిరిగే పురుగు, పంజరంలో పక్షి, వేటగాడు... వీటన్నిటి వెనక వందల ఏళ్ళ వాడుక ఉంది. అది తెలియకుండా నిఘంటువు పక్కన పెట్టుకుని చదివితే ప్రతిపదార్థం వస్తుంది గానీ మనసు కదలదు. కథలో ఆ ఇబ్బంది లేదు. ఇల్లు, వీధి, జీతం, మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు అన్నీ మనకు తెలిసినవే. వాటి మధ్యలోంచి భాష దానంతట అదే ఒంటబడుతుంది.

అందరూ ముందు సాదత్ హసన్ మంటో పేరు చెబుతారు, న్యాయమే. కానీ నేను మొదట రాజిందర్ సింగ్ బేదీని చదవమంటాను. లాహోర్‌లో పోస్టాఫీసు గుమస్తాగా పనిచేసిన మనిషి. చిన్న జీతాల ఇళ్ళు ఆయనకు లోపలినుంచి తెలుసు. 'గరమ్ కోట్' కథలో ఒక గుమస్తా, చిరిగిన కోటు, ఒక పది రూపాయల నోటు, అంతే. ఆ నోటుతో ఇంట్లో ఎవరికేం కొనాలా అని సాగే లెక్కలోనే ఆ సంసారం మొత్తం కనిపిస్తుంది.

ఆయన 'లాజవంతీ' అయితే దేశ విభజన మీద వచ్చిన కథల్లో నాకు అన్నిటికన్నా పెద్దది. విభజన గొడవల్లో ఎత్తుకుపోబడి తిరిగొచ్చిన ఆడవాళ్ళను ఇళ్ళల్లోకి రానివ్వండి అని సుందర్‌లాల్ ఊరంతా తిరిగి ప్రచారం చేస్తుంటాడు. అతని భార్య లాజో కూడా అలా పోయినదే. ఒకరోజు ఆమె తిరిగొస్తుంది. ఇంటికి తెచ్చుకుంటాడు. ఒకప్పుడు కొట్టినవాడు ఇప్పుడు చెయ్యెత్తడు సరికదా, 'దేవీ' అని పిలుస్తాడు. ఆమె తనకు జరిగింది చెప్పుకోబోతే పోయినదాని సంగతి వదిలెయ్యమంటాడు. ఆమెకేమో క్యారెట్ కోసం పోట్లాడి ముల్లంగికి రాజీపడే పాత లాజో కావాలని ఉంటుంది. ఇల్లు దక్కింది, మనిషి దక్కలేదు. ఆ క్యారెట్టూ ముల్లంగీ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. ఒక్క వాక్యంలో ఒక కాపురం ఎలా ఉండేదో, ఏం పోయిందో రెండూ చెప్పేశాడు.

మంటో (1912–1955) దగ్గరికి వస్తే 'టోబా టేక్ సింగ్' ఎలాగూ చదువుతారు. దాంతోపాటు 'హతక్' కూడా చదవండి. బొంబాయిలో సౌగంధీ అనే వేశ్య. రాత్రివేళ కారులో వచ్చిన సేఠ్ ఒకడు ఆమె మొహం మీద టార్చి వేసి చూసి, 'ఊఁహ్' అని వెళ్ళిపోతాడు. ఆ ఒక్క శబ్దం ఆమె లోపల ఎలా తిరుగుతూ పోయిందన్నదే మిగతా కథంతా. మంటో మీద అశ్లీలం పేరుతో దేశ విభజనకు ముందు మూడు, తర్వాత మూడు కేసులు నడిచాయి. ఈ కథ చదివాక అతను ఎవరి పక్షాన నిలబడ్డాడో మీకే తెలుస్తుంది. ఇస్మత్ చుగ్తాయ్ 1942లో రాసిన 'లిహాఫ్' మీద కూడా లాహోర్ కోర్టులో కేసు పడింది, ఆమె గెలిచింది. ఆ ఒక్క కథ పేరుతోనే ఆమెను గుర్తుపెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. ముస్లిం మధ్యతరగతి ఇళ్ళలో ఆడవాళ్ళ నోట మాట ఎలా దొర్లుతుందో వినాలంటే ఆమె నవల 'టేఢీ లకీర్' చదవాలి.

ఖుర్రతుల్ ఐన్ హైదర్ 'ఆగ్ కా దరియా' (1959) మహా నవల, కానీ మొదటి పుస్తకంగా వద్దు. గౌతమ్, చంపా, కమాల్ అనే పేర్లున్న మనుషులు వేర్వేరు కాలాల్లో మళ్ళీ మళ్ళీ ఎదురవుతారు. ప్రాచీన భారతం నుంచి దేశ విభజన దాకా నడుస్తుంది. కొంత చదువు వెనకేసుకున్నాక పట్టుకుంటే వదలబుద్ధి కాదు. ఆమెకు 1989లో జ్ఞానపీఠం వచ్చింది. కిషన్ చందర్‌ను చదవడం తేలిక. ప్రేమ్‌చంద్ కూడా మొదట ఉర్దూలోనే రాశారు. 1908లో వచ్చిన ఆయన కథల సంపుటి 'సోజ్-ఎ-వతన్'ను బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది.

ఇక వచనం నుంచి కవిత్వానికి వంతెన గాలిబ్ ఉత్తరాలు. ఈ సంగతి నాకు చెప్పింది మా ఆఫీసులో రిటైర్‌మెంట్‌కు దగ్గరపడ్డ ఒక హైదరాబాదీ పెద్దాయన. గాలిబ్ దీవాన్ (కవితల సంపుటి) కొన్నానని సంబరంగా చూపిస్తే, 'ముందు ఖుతూత్ (ఉత్తరాలు) చదువు బేటా, మనిషి పరిచయమైతే షేర్ తనే మాట్లాడుతుంది' అన్నారు. లంచ్ టైములో తనే చదివి వినిపించేవారు.

అప్పట్లో ఉత్తరం అంటే బారెడు బిరుదులు, పారసీ అలంకారాలు. గాలిబ్ అవన్నీ పక్కనపెట్టి, 'మియాఁ' అంటూ ఎదురుగా కూర్చున్నవాడితో మాట్లాడినట్టు రాశాడు. ఉత్తరాన్ని సంభాషణగా మార్చేశానని ఆయనే గర్వంగా చెప్పుకున్నాడు కూడా. 1857 తిరుగుబాటు అణిగిపోయాక ఢిల్లీ ఏమైందో శిష్యుడు మీర్ మెహదీ మజ్రూహ్‌కు రాసిన ఉత్తరాల్లో చూడండి. ఏ బావి పూడిపోయింది, లాల్ డిగ్గీ బావుల్లో నీళ్ళు ఎలా ఉప్పగా మారాయి, జామా మసీదు నుంచి రాజ్‌ఘాట్ ద్వారం దాకా ఎలా ఎడారైపోయింది... ఇంటి కబుర్లలా చెబుతూనే నాశనమైపోయిన నగరాన్ని కళ్ళముందు పెడతాడు. ఈ ఉత్తరాల సంపుటాలు రెండు. 'ఊద్-ఎ-హిందీ' ఆయన ఉండగానే 1868లో వచ్చింది. 'ఉర్దూ-ఎ-ముఅల్లా' 1869లో, ఆయన పోయిన కొద్ది వారాలకు వచ్చింది. ఈ ఉత్తరాలు చదివాక గజల్‌లో ఆయన గొంతు గుర్తుపట్టడం తేలికైంది. ఏడుస్తున్నాడా, దేవుడితో వాదానికి దిగాడా, తన మీద తనే నవ్వుకుంటున్నాడా అన్నది తెలిసిపోతుంది.

గజల్ కట్టుబడి గురించి ఒక్కమాట. ప్రతి షేర్ దేనికదే పూర్తి, ఒకదానితో ఒకటి కథలా కలవనక్కర్లేదు. చివర్లో మారకుండా వచ్చే మాట రదీఫ్, దానికి ముందు ప్రాస పలికేది కాఫియా. గాలిబ్ 'హజారోఁ ఖ్వాహిశేఁ' గజల్‌లో 'నికలే' రదీఫ్, 'దమ్', 'కమ్' కాఫియాలు. సభలో మొదటి పాదం వినగానే జనం ఊపిరి బిగబట్టేది ఆ కాఫియా ఎలా వచ్చి పడుతుందా అనే. ఇది పట్టుబడితే మీర్ తకీ మీర్ (1723–1810) దగ్గరికి వెళ్ళండి. మాటలు చాలా సాదా, నొప్పి మాత్రం లోతు. గాలిబ్, మీర్ ఇద్దరిలో నా ఓటు మీర్‌కే. ఇక్బాల్ గంభీరం, పారసీ పాలు ఎక్కువ, కొంచెం ఆగి చదవచ్చు. ఫైజ్ అహ్మద్ ఫైజ్‌ను 1951లో రావల్పిండి కుట్ర కేసులో అరెస్టు చేశారు. జైల్లో ఉండగానే ఆయన కవితల పుస్తకం 'దస్త్-ఎ-సబా' వచ్చింది. పాత ప్రేమ కవిత్వపు మాటలతోనే కొత్త రాజకీయం ఎలా చెప్పవచ్చో చూపించిన కవి.

తెలుగువాళ్ళం ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఈ సాహిత్యం ఢిల్లీ, లక్నోల సొత్తు మాత్రమే కాదు. హైదరాబాద్ కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో, అంటే దక్కన్ ఉర్దూలో, వసంతం మీద, వానల మీద కవితలు రాశాడు. ముల్లా వజ్హీ 1635లో గోల్కొండలోనే 'సబ్‌రస్' రాశాడు. ఉర్దూ తొలి సాహిత్య వచనం అంటే ముందు చెప్పేది దాన్నే. కవయిత్రి మహ్ లఖా బాయి చందా దీవాన్ కూడా హైదరాబాద్‌దే. అప్పటి మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న కమ్యూనిస్టు, అంతే సుకుమారమైన ప్రేమకవి. జీలానీ బానూ నవల 'ఐవాన్-ఎ-గజల్'లో హైదరాబాద్ పాత దేవిడీల (పెద్ద భవంతుల) లోపలి జీవితం ఉంది. వీళ్ళ మీద మన దగ్గర జరగాల్సినంత మాట జరగడం లేదన్నది నా ఆవేదన. దాశరథి 'గాలిబ్ గీతాలు' మాత్రం తెలుగు ఇళ్ళలోకి వెళ్ళింది. అది మీ దగ్గర ఉంటే పక్కన పెట్టుకోండి.

లిపి ముందు నేర్చుకోవాలా అన్న టెన్షన్ వద్దు. హిందీ చదవగలిగితే రేఖ్తా వెబ్‌సైట్లో కవిత్వం దేవనాగరిలో దొరుకుతుంది, మాట మీద నొక్కితే అర్థం వస్తుంది. ఉర్దూ లిపిలో హ్రస్వ అచ్చులు మామూలుగా రాయరు, కాబట్టి మాట ముందే చెవికి తెలిసి ఉంటేనే చదవడం సులువు. భాష కొంత వచ్చాక లిపి పట్టుకుంటే తొందరగా వస్తుంది. లిపి వచ్చాక ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాలు, చార్మినార్ దగ్గరి ఉర్దూ కొట్లు మీవే. సొంతంగా లిపిలో చదివే మొదటి పుస్తకంగా పత్రస్ బుఖారీ హాస్య వ్యాసాలు తీసుకోండి. పదకొండే వ్యాసాలు, చిన్న పుస్తకం. పాత సైకిలు కొని దాని బాధ పడలేక చివరికి నదిలో పడేసే వ్యాసంతో మొదలుపెడితే మధ్యలో ఆపరు.