ఎనిమిది తోడేళ్ల గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మొన్న ఆదివారం గవర్నరుపేటలో మీ ఇంట్లో నువ్వు నడిపించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో (పాత్రలు వేస్తూ పాచికలతో ఆడే కథల ఆట), డ్రూయిడ్ అనే అడవి మాంత్రికురాలి పాత్ర వేస్తున్న అమ్మాయి కంజ్యూర్ ఏనిమల్స్ అనే మంత్రంతో ఎనిమిది తోడేళ్లను పిలిచిందనీ, నెల రోజులు కూర్చుని నువ్వు తయారు చేసిన రాక్షస నాయకుడు రెండు రౌండ్లలో కూలిపోయాడనీ, మిగిలిన ముగ్గురూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారనీ రాశావు. ఆ మంత్రాన్ని ఆటలోంచి తీసేస్తానన్నావు. తొందరపడకు నాయనా.

కొన్నేళ్ల కిందట ఇక్కడ బ్రాడీపేటలో మా మేడమీద నేను ఆ పనే చేశాను, అదీ ఆట మధ్యలో, కోపంతో. ఆ మంత్రం కోసమే డ్రూయిడ్‌ను ఎంచుకున్న కుర్రవాడు పాచికలు సంచిలో వేసుకుని మౌనంగా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

ముందు లెక్క చూడు. మీరు ఆడుతున్నది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాలతో కదా. అందులో కంజ్యూర్ ఏనిమల్స్ మూడో స్థాయి మంత్రం. పెద్ద జంతువు ఒకటి కావచ్చు, లేదా రెండు, నాలుగు, చివరికి చిన్నవి ఎనిమిది. ఒక్కో తోడేలు కాటుకు సగటున 7 పాయింట్ల దెబ్బ. శత్రువు పక్కన తోటి తోడేలు ఉంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటుంది. శత్రువు ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే పాచిక లెక్క అందుకోవలసిన అంకె, 15 అనుకుంటే నాలుగు కాట్లలో మూడు తగులుతాయి. అంటే ఎనిమిదింటికి రౌండుకు సుమారు 42. అదే స్థాయి ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం, తప్పించుకోలేని ఒక్కొక్కరికి సగటున 28 దెబ్బ వేసి ఒక్కసారితో అయిపోతుంది. తోడేళ్లు మాత్రం, డ్రూయిడ్ ఏకాగ్రత చెడకపోతే, గంటసేపు ఉంటాయి. పైగా కాటు తగిలిన ప్రతిసారీ శత్రువు కిందపడే అవకాశం ఉంది.

కానీ నిన్ను దెబ్బతీసింది ఆ 42 కాదని నా నమ్మకం. ఎనిమిది తోడేళ్లంటే ఎనిమిది నడకలు, పదహారు పాచికలు. నేను ఒకసారి గడియారం పెట్టి చూశాను: ఆ ఒక్క వంతుకే పదకొండు నిమిషాలు పట్టింది. నలుగురు కూర్చున్న బల్ల దగ్గర ఒక్కరికే అంత సమయం ఇస్తే మిగిలినవాళ్లు ఫోను తీయడం వాళ్ల తప్పు కాదు. పిలుపు మంత్రాలను తూచేటప్పుడు దెబ్బను ఆ తరువాత చూడు, మొదట వంతులను లెక్కపెట్టు.

పిలిచే జంతువు ఏదో ఎవరు నిర్ణయించాలన్న వాదన మీ మధ్య కూడా వచ్చే ఉంటుంది. ఎన్ని రావాలన్నది ఆటగాడు చెబుతాడు, ఏ జంతువు అన్నది ఆట నడిపించేవాడిదే, అంటే నీదే అని ఆట తయారుచేసినవాళ్లే వివరణ ఇచ్చారు. ఈ మాట ముందే చెప్పి ఉంచు. లేకపోతే రేపు నాలుగో స్థాయి మంత్రాల్లో, అడవి దేవతలను పిలిచే కంజ్యూర్ వుడ్‌ల్యాండ్ బీయింగ్స్ వస్తుంది. దానితో పిక్సీలనే చిట్టి దేవతలను ఎనిమిదింటిని పిలిస్తే, ఒక్కొక్కదానికీ పాలీమార్ఫ్ అనే రూపం మార్చే మంత్రం ఒకసారి ఉంటుంది. ఒక నాలుగో స్థాయి మంత్రానికి ఎనిమిది నాలుగో స్థాయి మంత్రాలు!

ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. ఈ ఆటకే 2020లో వచ్చిన టాషా అనే అదనపు నియమాల పుస్తకంలోని సమ్మన్ బీస్ట్ మంత్రం ఒక్క జంతువునే పిలుస్తుంది. మంత్రం స్థాయి పెరిగేకొద్దీ దాని బలం పెరుగుతుంది. 2024 నియమాల్లోనైతే కంజ్యూర్ ఏనిమల్స్ విడివిడి జంతువులను పిలవడమే మానేసి, మొత్తం మందను ఒకే ఆకారంగా మార్చింది. నాకు సమ్మన్ బీస్ట్ దారే నచ్చుతుంది. కానీ ఆ అమ్మాయికి మంద కావాలి, ఒక్క తోడేలుతో ఆమె మనసు నిండదు.

అందుకని నేను ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. ఆట నడిపించేవాడి కోసం రాసిన 2014 డంజియన్ మాస్టర్ పుస్తకంలో గుంపు దాడులకు ఒక పట్టిక ఉంది. తగలడానికి ఇరవై ముఖాల పాచికలో 11 పడాలంటే (ఆర్మర్ క్లాస్ 15 ఉన్న శత్రువు మీద తోడేలుకు కావలసింది అదే), ఇద్దరికి ఒకరు చొప్పున తగిలినట్టే. అంటే ఎనిమిదింటిలో నాలుగు. కాటుకు 7 చొప్పున 28, పాచిక వేయకుండానే. రెండు పాచికల లాభాన్ని వదిలేస్తున్నాం కాబట్టి ఫైర్‌బాల్ సగటుకు వచ్చి ఆగింది చూడు. కిందపడే పరీక్ష రౌండుకు ఒక్కటే పెట్టు. నా చేతిలో ఆ వంతు రెండు నిమిషాల్లో అయిపోతోంది.

శత్రువులతో డ్రూయిడ్‌నే కొట్టించి ఏకాగ్రత చెడగొట్టాలని నీకు అనిపిస్తుంది. తెలివైన శత్రువు ఎప్పుడైనా చేస్తే బాగుంటుంది, ప్రతి పోరాటంలోనూ చేస్తే ఆ అమ్మాయికి అది పగలా కనిపిస్తుంది.

ఏ మార్పయినా ఆట రోజున చెప్పకు. ముందే ఫోను చేసి, ఆ తోడేళ్లలో నీకు ఏది ఇష్టమమ్మా అని అడుగు. కొందరికి దెబ్బ కావాలి, కొందరికి అడవి తమ మాట వింటుందన్న సంతోషం కావాలి. రెండోది అయితే నాలుగు తోడేళ్లు చాలని ఆమే అంటుంది. అప్పుడు మిగిలిన ముగ్గురికీ తలా ఒక తోడేలు ఇచ్చి పాచిక వాళ్లనే వేయమను.

వచ్చే ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వస్తాను. బల్ల మీద తోడేళ్లుగా పెట్టడానికి చింతగింజలు నేను తెస్తాను, కొత్త నాయకుడి కోసం కొండపల్లి బొమ్మల్లో పెద్దది ఒకటి నువ్వు తీసి ఉంచు. మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మావయ్య,
గుంటూరు