ఎన్నారై సందేహాలు: క్రేను పక్క గది, పాయింట్ల బేరం

ప్రశ్న: మేము అమెరికా వచ్చి పద్నాలుగు నెలలైంది. ఇద్దరం హెచ్‌-1బీ మీద ఉన్నాం. పోయినసారి ఆర్లాండో వెళ్ళినప్పుడు హోటలు ఆవరణలోనే చిన్న బల్ల వేసుకుని కూర్చున్న ఒకావిడ, పక్కన కడుతున్న కొత్త టవర్‌ను చూపించి, అందులో పాయింట్లు కొనుక్కుంటే జీవితాంతం హోటలు ఖర్చు ఉండదని చెప్పింది. నెలకు నాలుగైదు వందల డాలర్లు కట్టాలట. మా ఆయన ఉత్సాహంగా ఉన్నారు. కొనవచ్చా? ఈ థాంక్స్‌గివింగ్‌కు మా అత్తమామలు కూడా మాతో వస్తున్నారు. పక్కన కట్టడం పని జరుగుతున్న హోటల్లో పెద్దవాళ్ళతో దిగవచ్చా?

జవాబు: మీ రెండో సందేహం ముందు తీరుస్తాను. అది నేను స్వయంగా పడిన అవస్థ.

మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు, ఇక్కడ చూపించే మర్యాదల్లో లోటు రాకూడదని, ఒక పార్కు హోటల్లో కాస్త ఖరీదైన గదే తీసుకున్నాను. కిటికీ తెర తీస్తే సరస్సు కనిపిస్తుందని ఊరించి మరీ తీసుకెళ్ళాను. తెర తీస్తే పసుపుపచ్చ క్రేను. తెల్లవారి ఏడు గంటలకల్లా లారీలు వెనక్కి వస్తూ చేసే ‘పీం పీం’ మోత. అమ్మ కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి, ‘ఇంత దూరం విమానమెక్కి వచ్చినా కూకట్‌పల్లిలోనే ఉన్నట్టుందే’ అంది. అయినా ఆవిడకు అది పెద్ద బాధ కాలేదు. రెండు రోజులు ఆ పని చూస్తూనే కూర్చుంది. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుతున్నారని, పనివాళ్ళందరూ నెత్తిన హెల్మెట్లు పెట్టుకున్నారని మెచ్చుకుంది కూడా. ఉడికిపోయింది నేనే. రాత్రికి అంత డబ్బు పోశానే అని.

అసలు ఇబ్బంది చప్పుడు కాదు, నడక. కట్టడం చుట్టూ ప్రహరీ కట్టేస్తారు. దాంతో రెండు నిమిషాల దారి పది నిమిషాల చుట్టు తిరుగుడు అవుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారితో రోజుకు నాలుగుసార్లు ఆ చుట్టు తిరగాలంటే సెలవు కాస్తా శిక్షగా మారుతుంది. కాబట్టి గది తీసుకునే ముందు హోటలు వెబ్‌సైటులో మరమ్మతుల ప్రకటనలు చదవండి. తర్వాత ఫోను చేసి మూడు సంగతులే అడగండి: ఏ భవనం వైపు పని జరుగుతోంది, ఈతకొలను తెరిచి ఉందా, బస్సు లేదా మోనోరైలు ఎక్కే చోటికి మామూలు దారి ఉందా. పనికి దూరంగా ఉన్న గది కావాలని నమోదు చేయించండి. అది వినతి మాత్రమే, హామీ కాదు. మాకూ ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ బల్ల దగ్గరావిడ మాట. ఆవిడ అమ్మేది టైమ్‌షేర్, అంటే ఒకే గదిని చాలామంది కొనుక్కుని వంతులవారీగా వాడుకునే ఏర్పాటు. పాయింట్లంటే అక్కడ కొన్ని రాత్రులు గడపడానికి ఏటేటా మీ ఖాతాలో పడే కూపన్ల వంటివి.

ఆ క్రేను అక్కడికి ఎందుకు వచ్చిందో తెలిస్తే సగం సందేహం తీరుతుంది. మామూలు హోటలు గది కడితే పెట్టుబడి రాత్రికింత చొప్పున, అదీ గది నిండిన రోజుల్లోనే, ఏళ్ళ మీద తిరిగి వస్తుంది. అదే గదిని పాయింట్లుగా ముక్కలు చేసి అమ్మితే కట్టినవాళ్ళ డబ్బు చప్పున చేతికి వస్తుంది. ఆపైన పరుపులు మార్చినా, లిఫ్టు బాగుచేసినా, ఆస్తి పన్ను కట్టినా ఆ ఖర్చు పాయింట్లు కొన్నవాళ్ళ దగ్గర ఏటేటా వసూలు చేసే నిర్వహణ రుసుములోంచి వస్తుంది. ఇంతకంటే చల్లని వ్యాపారం ఎక్కడుంటుంది చెప్పండి. అందుకే స్థలం దొరికిన ప్రతి పాత హోటలు పక్కనా ఒక కొత్త టవర్ లేస్తోంది.

డిస్నీనే తీసుకోండి. 1991లో ఆర్లాండోలోని ఓల్డ్ కీ వెస్ట్ అనే తన విడిదితో ఈ అమ్మకం మొదలుపెట్టింది. అది విడిగా ఉన్న ఆవరణ. తర్వాత తర్వాత పాత హోటళ్ళ ఒళ్ళోకే వచ్చేశారు. 1971లో పార్కుతో పాటు తెరిచిన కాంటెంపరరీ హోటల్లో ఒక పక్క వింగును పడగొట్టి, ఆ స్థలంలో బే లేక్ టవర్ కట్టి 2009లో తెరిచారు. అదే వయసున్న పాలినేసియన్‌లో 2015లో సరస్సు నీళ్ళ మీదికి 20 బంగళాలు దింపారు. ఒడ్డున నిలబడి నీళ్ళను చూసే పాతవాళ్ళకు అవి అడ్డం వచ్చాయి. అక్కడితో ఆగలేదు. ఏళ్ళ తరబడి రాత్రి భోజనంతో పాటు నాట్యప్రదర్శన జరిగిన చోటును తీసేసి, ఐలాండ్ టవర్ లేపి 2024 డిసెంబరులో తెరిచారు. కాలిఫోర్నియాలో అనహైమ్‌లోని డిస్నీల్యాండ్ హోటలుకూ 2023 సెప్టెంబరులో ఇలాంటి టవరే వచ్చింది.

మీకు అమ్ముతున్నది ఏమిటో ఇక్కడ జాగ్రత్తగా చూడండి. మన హైదరాబాదులో ఫ్లాటు కొంటే రిజిస్ట్రేషన్ కాగితంలో ఇన్ని గజాల భూమి వాటా అని రాస్తారు. ఇక్కడా దస్తావేజు అనే అంటారు, కౌంటీలో నమోదు కూడా చేస్తారు. కానీ ఆర్లాండోలో ఆ నేల లీజు మీద ఉంటుంది. గడువు తీరిన రోజున గది తిరిగి డిస్నీకే పోతుంది. అంటే మీరు కొనేది కొన్నేళ్ళు అక్కడ ఉండే హక్కు. ‘జీవితాంతం’ అని ఆవిడ అన్నది ఎవరి జీవితమో మరి. ఓల్డ్ కీ వెస్ట్‌లో చాలామంది గడువు 2042లోనే తీరిపోతుంది. బే లేక్ టవర్‌ది 2060, అనహైమ్ టవర్‌ది 2074. ఐలాండ్ టవర్ దగ్గర ఒక మెలిక ఉంది. భవనం కొత్తది, రంగు వాసన కూడా పోలేదు. కానీ దాన్ని 2015 నాటి పాలినేసియన్ పాయింట్లదారుల సంఘంలోనే కలిపేశారు కాబట్టి దాని గడువూ 2066 జనవరి 31. టవర్ తెరిచిన రోజున కొన్నవాళ్ళకు కూడా దక్కేది నలభై ఒక్క ఏళ్ళే. గోడలు ఎంత కొత్తగా ఉన్నాయో కాదు, కాగితం మీద ఏ ఏడాది రాశారో చూడమనేది ఇందుకే.

ఇక లెక్క. మామూలుగా ఎవరూ ఒక వారం అని అమ్మరు, పాయింట్లు అమ్ముతారు. పాయింటు 200 డాలర్ల చొప్పున 150 పాయింట్లు కొన్నారనుకుందాం. 30,000 డాలర్లు. పదో వంతు కట్టి మిగిలిన 27,000 వాళ్ళ దగ్గరే అప్పు తీసుకుంటే, ఈ రకం అప్పులకు వడ్డీ పది శాతం దాటడం మామూలే. 11 శాతం, పదేళ్ళు అనుకోండి. నెలకు సుమారు 372 డాలర్లు. పదేళ్ళకు వడ్డీయే 17,600 పైచిలుకు. దీనికి నిర్వహణ రుసుము కలపాలి. పాయింటుకు ఏడాదికి 8 డాలర్లు వేసుకున్నా 1,200, అంటే నెలకు మరో వంద. మీతో చెప్పిన ‘నాలుగైదు వందలు’ ఇలా వచ్చిందే. అప్పు పదేళ్ళకు తీరుతుంది. రుసుము గడువు తీరేదాకా తీరదు, మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా. అది ఏటేటా పెరుగుతుందని వేరే చెప్పాలా? విమానం టికెట్లు, పార్కు టికెట్లు, తిండి దీనికి అదనం. అనహైమ్ టవర్‌లో అయితే పాయింట్లతో దిగినా నగరానికి కట్టే బస పన్ను మళ్ళీ విడిగా ఉంటుంది.

కొన్నంత మాత్రాన కావలసిన రోజున గది దొరుకుతుందనీ లేదు. డిస్నీ పద్ధతిలో మీరు కొన్న చోట 11 నెలల ముందు, మిగతా చోట్ల 7 నెలల ముందు గది పట్టుకోవాలి. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాలకు ఆ తలుపు తెరవగానే ఎగబడే జనం ఉంటారు. మన ఇళ్ళలో సెలవు ఎలా తేలుతుందో మీకు తెలుసు. అమ్మానాన్నల వీసా ఇంటర్వ్యూ తేదీ దొరకాలి, నాన్నగారి కంటి ఆపరేషన్ అయిపోవాలి, పొలం కౌలు డబ్బు చేతికి రావాలి. పదకొండు నెలల ముందు ఎవరు చెప్పగలరు?

మీ విషయంలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది వీసా. హెచ్‌-1బీ మీద ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి మామూలుగా దొరికేది 60 రోజులు. ఆ 60 రోజుల్లో కారు అమ్మవచ్చు, అద్దె ఇల్లు వదిలేయవచ్చు. పాయింట్ల కాగితాన్ని మాత్రం సూట్‌కేసులో పెట్టుకుని బేగంపేటకో విజయవాడకో తీసుకెళ్ళాలి. అక్కడ కూర్చుని డాలర్లలో రుసుము కడుతూ ఉండాలి. కట్టకపోతే జప్తు, దాని మచ్చ మీ క్రెడిట్ చరిత్ర మీద. ఇక్కడే ఉండిపోయి ఇల్లు కొనాలనుకున్నారా, బ్యాంకువాళ్ళు మీ నెలవారీ అప్పుల్లో ఆ 372ను కూడా లెక్కేస్తారు. మొదటి ఇల్లు కొనకముందు విహారానికి అప్పు చేయడం నాకైతే మింగుడుపడదు. మా వారు దీన్ని నా పాతకాలపు ఛాందసం అంటారు.

ఇంత చెప్తున్నాను కానీ, నేనూ సంతకం పెట్టినదాన్నే. 2006లో, వేరే కంపెనీ దగ్గర. పేరు అక్కర్లేదు. ఇద్దరికి పార్కు టికెట్లు ఉచితమని, తొంభై నిమిషాలు కూర్చుంటే చాలని పిలిచారు. పెట్రోలు బంకు దగ్గర కూపను నింపితే కుక్కరు గెలిచారని ఫోను చేసి, భార్యాభర్తలు కలిసే రావాలని పట్టుబడతారే, అదే సంగతి కాస్త పెద్ద హాల్లో. కాఫీ, కేకు, పిల్లలకు బొమ్మలు. మా బల్ల దగ్గర కూర్చున్నాయన మా పెళ్ళిరోజు అడిగాడు, పిల్లవాడికి ఏ బొమ్మ ఇష్టమో అడిగాడు, మా అమ్మకు మోకాళ్ళ నొప్పులని తెలుసుకుని లిఫ్టు పక్క గది ఫొటో చూపించాడు. పక్క బల్లమీద ఎవరో సంతకం పెట్టారు, హాలంతా చప్పట్లు. మేము వద్దన్న కొద్దీ ఇంకో పెద్దాయన వచ్చి ధర తగ్గించాడు. మూడోసారి తగ్గించేటప్పటికి నాలుగో గంట. పిల్లవాడు నా ఒళ్ళో నిద్రపోయాడు. ఈ ధర ఈ రోజుకే, గుమ్మం దాటితే లేదు అన్నారు. పెట్టాం.

మోటెల్ గదికి వచ్చి ఆ లావుపాటి పుస్తకం తిరగేస్తే, హాల్లో విన్న మాటల్లో సగం అందులో లేవు. ఫ్లోరిడాలో కొన్న టైమ్‌షేర్‌ను సంతకం పెట్టిన రోజు నుంచి, లేదా కాగితాలన్నీ అందిన రోజు నుంచి, ఏది తర్వాతైతే అప్పటినుంచి 10 రోజుల్లోగా కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చని మాత్రం అందులో ఉంది. ఆ హక్కును వదులుకుంటున్నట్టు మీతో రాయించుకున్నా చెల్లదు. కాలిఫోర్నియాలో 7 రోజులు, నెవాడాలో 5. ఫోనులో చెప్తే సరిపోదు, రాసి పంపాలి. ఒప్పందం నంబరు, తేదీ, ఇద్దరి సంతకాలు, ‘రద్దు చేసుకుంటున్నాం’ అన్న ఒక్క వాక్యం. నేను ఎనిమిదో రోజున పోస్టాఫీసుకు వెళ్ళి సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను. ఆ ఆకుపచ్చ రసీదు ఇప్పటికీ పాస్‌పోర్టుల పెట్టెలో ఉంది. డబ్బు తిరిగి వచ్చింది. పార్కు టికెట్లు ముందే వాడేశాం, అది వేరే సంగతి.

పది రోజులు దాటితే దారి మూసుకున్నట్టే. డిస్నీ పాయింట్లకు రెండోచేతి బజారు ఉంది కానీ, చాలా ఇతర టైమ్‌షేర్లను ఒక్క డాలరుకు ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు దొరకరు. ‘మీది మేము అమ్మిపెడతాం, ముందు రెండు వేలు కట్టండి’ అని ఫోన్లు మొదలవుతాయి. ఒకసారి మోసపోయినవాళ్ళ పట్టీ చూసి రెండోసారి వచ్చేవాళ్ళు వీళ్ళు. ఫోను పెట్టేయండి.

అందరికీ ఇది నష్టమని అనను. మా వీధిలో ఒక తెలుగు కుటుంబం ఉంది. గ్రీన్‌కార్డు వచ్చేసింది, ఇద్దరు పిల్లలు, ప్రతి ఏడాదీ ఆ పార్కుకే వెళ్తారు, వేరే చోటు పేరెత్తరు. అప్పు లేకుండా, కంపెనీ దగ్గర కాకుండా అమ్మేసుకుంటున్న పాత సభ్యుల దగ్గర తక్కువకు కొన్నారు. వాళ్ళకు గిట్టుబాటైంది. అలా కొనేటప్పుడూ ఒక చిక్కుంది. 2019 జనవరి 19 నుంచి రెండోచేతిలో కొన్నవాళ్ళకు డిస్నీ వారి రివియేరా వంటి కొత్త చోట్ల తలుపులు మూశారు. రివియేరా పాయింట్లే రెండోచేతిలో కొంటే అక్కడ తప్ప ఇంకెక్కడా చెల్లవు.

మీ ఆయన ఉత్సాహం మీద నీళ్ళు చల్లమనను. ఈసారికి పాయింట్లు అద్దెకు తీసుకోండి. వాడుకోలేని సభ్యులు అద్దెకు ఇస్తుంటారు, అదే గది మామూలు ధర కంటే తక్కువలో వస్తుంది. రద్దు చేసుకుంటే డబ్బు రావడం కష్టం కాబట్టి మీ అత్తమామల విమానం టికెట్లు చేతికి వచ్చాకే కట్టండి. తీసుకుంటే ఒక పడకగది విల్లా తీసుకోండి. స్టూడియోలో పొయ్యి ఉండదు, మైక్రోవేవ్‌తో సరిపెట్టుకోవాలి. ఐలాండ్ టవర్‌లో డ్యువో స్టూడియో అని ఒకటుంది, అది ఇద్దరికే. ఒక పడకగది విల్లాలో పూర్తి వంటిల్లు, బట్టలు ఉతికే యంత్రం ఉంటాయి. కందిపప్పు, బియ్యం, చిన్న కుక్కరు కారులో వేసుకెళ్తే మామగారికి పొద్దున్నే పార్కు బర్గరు తినే బాధ తప్పుతుంది.

పోపు వేసే ముందు మాత్రం పొయ్యి మీది ఫ్యాను తిప్పండి, బాల్కనీ తలుపు తెరవండి. మా అమ్మ ఎండుమిర్చి వేయగానే పొగ గంట మోగి, ఇద్దరు సిబ్బంది పరుగెత్తుకుంటూ వచ్చారు. ఒకతను గిన్నెలోకి తొంగిచూసి అదేమిటని అడిగాడు. అమ్మ తెలుగులోనే ‘చారు’ అని చెప్పి, కాగితం కప్పులో పోసి ఇచ్చింది.