గమ్ము పనికీ కాళ్ళ తిమ్మిర్లకూ సంబంధం ఉందా?

కాటేదాన్‌లో చెప్పుల షెడ్డులో గమ్ము పూసే మీ తమ్ముడికి రెండు నెలలుగా అరికాళ్ళు తిమ్మిర్లని, షుగర్ లేదని, బి12 మాత్రలు వాడినా తగ్గట్లేదని రాశారు. కెమికల్ వల్ల కావచ్చా అంటే, కావచ్చండి. నాకు అలాగే వచ్చింది.

నాలుగేళ్ళు ఒక బ్యాగుల షాపు వెనక గదిలో సొల్యూషన్ పూశాను. ఓ రోజు అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి, టికెట్ తీసుకున్నాక చూసుకుంటే కుడికాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలీలేదు. ఏం పని చేస్తావని డాక్టర్ అడిగితే 'ప్రైవేట్ జాబ్' అన్నాను. నా తెలివితక్కువతనానికి మూడు నెలలు పోయాయి. మూడో డాక్టరుగారు నా గోళ్ళ సందుల్లో ఎండిన గమ్ము చూసి, "రోజంతా దేంతో పని?" అని అడిగారు. అప్పుడు నరాల్లో కరెంటు ఎలా పోతోందో చూసే టెస్టు చేయించారు.

ఆయన చెప్పింది ఇదీ. కొన్ని గమ్ముల్లో హెక్సేన్ అనే ద్రావకం (గమ్మును పల్చగా ఉంచే రసాయనం) ఉంటుంది. పీల్చినదాన్ని లివర్ 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారుస్తుంది. అసలు విషం అదే. కాలి నరాల కణాలు వెన్నెముక దగ్గర ఉంటే వాటి తీగలు కాలివేళ్ళ దాకా వస్తాయి. తీగ లోపలి సన్నటి పోగులను ఈ విషం చిక్కుముడులు వేసేస్తుంది. తీగ అక్కడక్కడ ఉబ్బుతుంది, కణం పంపే సరుకు చివరికి చేరదు. పొడవైన తీగలే ముందు పాడవుతాయి కాబట్టి తిమ్మిరి పాదాల్లో మొదలై, తర్వాత చేతులకు వస్తుంది. అదే డబ్బాలో ఎంఈకే (మిథైల్ ఈథైల్ కీటోన్) అనే ఇంకో ద్రావకం కూడా ఉంటే దెబ్బ ఇంకా ఎక్కువ.

విరుగుడు మందు లేదు, పని మానడమే. మానేశాక కూడా నాకు తిమ్మిరి రెండు నెలలు పెరుగుతూనే పోయింది, టెన్షన్‌తో నిద్ర లేదు. ఈ జబ్బు స్వభావమే అంతట. నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మోకాలి నుంచి పాదానికి ఏడాది పైనే లెక్కేసుకోండి.

గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపదు. గాలికంటే బరువు కాబట్టి కింద కూర్చుని పూసేవాళ్ళకే ఎక్కువ తగులుతుంది.

అన్ని గమ్ముల్లో హెక్సేన్ ఉండదు. డబ్బా మీది లేబుల్ ఫోటో తీసుకుని న్యూరాలజిస్టుకు చూపించండి. కాళ్ళ బలహీనత కొద్ది రోజుల్లోనే పైకి పాకుతున్నా, ఊపిరి కష్టమైనా అది వేరే జబ్బు కావచ్చు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

నాకు పద్నాలుగు నెలలకు గచ్చు చల్లదనం తెలిసింది. కుడి బొటనవేలు ఇంకా మొద్దుగానే ఉంది.