నీడ మీకన్నా పొట్టిగా ఉన్నప్పుడు ఎండలోకి రండి

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, నాకు 54 ఏళ్లు. రోజూ తెల్లవారుజామున ఐదున్నరకల్లా విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లి గంటసేపు నడుస్తాను. అయినా మొన్న రక్తపరీక్షలో విటమిన్ డి 11 వచ్చింది. ఏడాది పొడుగునా ఎండ కాసే ఊళ్లో ఉంటూ నాకిదేమిటండీ? (గృహిణి, పెదవాల్తేరు)

జవాబు: మీ ఒక్కరికే కాదమ్మా. నడుం నొప్పి, పిక్కల పీకులు అంటూ అల్లిపురంలోని నా క్లినిక్‌కి వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఇదే అడుగుతారు. వాకింగ్ మాత్రం మానకండి. గుండెకీ షుగరుకీ మంచిది. పొద్దుటి వెలుతురు కంటికి తగిలితే రాత్రి నిద్ర కూడా వేళకి పడుతుంది. కానీ విటమిన్ డి దగ్గరకొచ్చేసరికి ఆ ఎండ చాలదు.

మన చర్మంలో కొలెస్ట్రాల్ జాతి పదార్థం ఒకటుంది. అతినీలలోహిత కిరణాల్లో ‘బి’ రకం దానిమీద పడితే డి పుడుతుంది. ఆ తర్వాత కాలేయం, కిడ్నీలు దాన్ని ఒంటికి పనికొచ్చేలా మారుస్తాయి. పొద్దున్నే సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి కిరణాలు ఏటవాలుగా వస్తాయి. మన దాకా రాకముందే ఓజోన్ పొర ఈ రకాన్ని దాదాపు మొత్తం పీల్చేసుకుంటుంది.

దీనికి మీటర్లేమీ అక్కర్లేదు, మీ నీడే చెబుతుంది. ఆరింటికి సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర సముద్రానికి వీపు పెట్టి నిలబడండి. మీ నీడ రోడ్డుకి అడ్డంగా, మీకు ఎన్నో రెట్లు పొడుగ్గా సాగుతుంది. అదే నీడ మీ ఎత్తుకన్నా పొట్టిగా అయిందంటే డి తయారయ్యే వేళ వచ్చిందన్నమాట. మన ఊళ్లో ఏప్రిల్ నెలలో ఇది తొమ్మిదికే వస్తుంది. డిసెంబరులో పదిన్నర దాటేదాకా ఆగాలి.

ఆ వేళప్పుడు ముఖం, చేతులు, మోచేతుల పైదాకా ఎండ తగిలేలా పదిహేను నిమిషాల నుంచి అరగంట, వారంలో మూడు నాలుగు రోజులు ఉంటే చాలు. చామనఛాయ, నలుపు వాళ్లకి కాస్త ఎక్కువ సేపు పడుతుంది. మే నెల ఉక్కపోతలో నడినెత్తిన ఎండకి నిలబడమని నేను అనను. తొమ్మిదింటికి డాబా మీద బట్టలు ఆరేసే పని పెట్టుకోండి, చర్మం చురుక్కుమనేలోపు నీడలోకి వచ్చేయండి. బయటికెళ్లే వేళ కూడా మనవాళ్లు స్కూటీ ఎక్కేముందు ముఖానికి స్కార్ఫ్ చుట్టి, మోచేతుల పైదాకా గ్లౌజులు తొడుక్కుంటారు. నల్లబడతామని భయం. ఎండ ఎంత కాసినా ఒంటికి తగిలేదేముంది?

ఇంకో సంగతి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యుల అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. పట్నం వాళ్లకన్నా పల్లె జనానికి డి మెరుగ్గానే ఉన్నా, వాళ్లలోనూ లోపం కనబడింది. తిండిలో కాల్షియం బాగా తక్కువని కూడా తేలింది. కాల్షియం చాలకపోతే ఒంట్లో ఉన్న డి తొందరగా ఖర్చయిపోతుంది. అందుకే చోడి (రాగి) అంబలి మళ్లీ మొదలుపెట్టండి. వంద గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది.

ఇక మీ 11 సంగతి. 20 లోపుంటే లోపం కిందే లెక్క. అంత తగ్గాక ఎండ ఒక్కదాంతో తొందరగా కోలుకోరు. మామూలుగా వారానికొకటి చొప్పున 60 వేల యూనిట్ల మాత్ర ఎనిమిది వారాలు ఇస్తాం. మీ డాక్టరు రాసిస్తేనే వేసుకోండి, భోజనం చేశాక వేసుకోండి. నెయ్యో నూనో తగిలిన తిండితో అయితే బాగా వంటబడుతుంది.

ప్రశ్న: ఆఫీసులో నా సీటు కిటికీ పక్కనే. మధ్యాహ్నం దాకా ఎండ మీద పడుతూనే ఉంటుంది. సరిపోతుందా మేడమ్? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మధురవాడ)

జవాబు: సరిపోదు బాబూ. అద్దం వేడినీ వెలుతురినీ రానిస్తుంది, మనకి కావలసిన ‘బి’ కిరణాల్ని ఆపేస్తుంది. కారు అద్దమైనా అంతే. పదకొండింటి టీ ఏదో కింద ఆరుబయట, చొక్కా చేతులు మడిచి తాగండి.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. నీరసం తగ్గుతుందని ఎవరో చెబితే మందుల షాపులో విటమిన్ డి పొడి ప్యాకెట్లు కొని, మూడు వారాలుగా రోజుకొకటి పాలలో కలుపుకుని తాగుతున్నారు. ఇప్పుడు ఆకలి లేదు, విరేచనం సాఫీగా లేదు, దాహం ఎక్కువైంది, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్తున్నారు. (ఒక కూతురు, గాజువాక)

జవాబు: మీ ఉత్తరం చదివిన రోజే ఫోన్ చేసి చెప్పానమ్మా, ఆ ప్యాకెట్లు వెంటనే ఆపమనీ, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) చూపించమనీ. ఇప్పుడు రాస్తున్నది మిగతా ఇళ్లవాళ్ల కోసం.

ఎదిగిన మనిషికి రోజుకి 600 యూనిట్లు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఆ చిన్న ప్యాకెట్ మీద 60 వేలు అని ఉంటుంది, అంటే వంద రోజులకి సరిపడా. వారానికొకటి వేసుకోవలసింది రోజూ వేసుకుంటే డి కొవ్వులో పేరుకుపోతుంది, రక్తంలో కాల్షియం పెరుగుతుంది. మీరు రాసినవన్నీ ఆ లక్షణాలే. ముదిరితే మాట తడబడి మతి తప్పుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండ వల్ల మాత్రం ఇలా ఎప్పటికీ జరగదు. చర్మం తనకి చాలినంత తయారుచేసుకుని, మిగతాదాన్ని పనికిరాని పదార్థంగా మార్చేస్తుంది.

ఇంట్లో ముసలివాళ్లుంటే ఈరోజే వాళ్ల మందుల సంచీ మంచం మీద బోర్లించి చూడండి. వారానికొకసారి వేసుకునేవి వేరు చేసి, పెన్నుతో పెద్ద అక్షరాలతో ‘ఆదివారం మాత్రమే’ అని రాసిపెట్టండి.

ప్రశ్న: తిండిలో డి దేంట్లో ఉంటుంది? (విద్యార్థిని, సీతమ్మధార)

జవాబు: తక్కువ వాటిలోనే ఉంటుంది తల్లీ. చేపలు తినేవాళ్లయితే కవళ్లు, కానాగంతలు లాంటి కొవ్వున్న సముద్రపు చేపలు మేలు, పైగా చవక. గుడ్డు పచ్చసొనలో కొంచెం ఉంటుంది. శాకాహారులు పాల ప్యాకెట్ మీద నీలి రంగు ‘ప్లస్ ఎఫ్’ గుర్తు చూసి కొనుక్కోండి, వాటిలో డి కలుపుతారు. పుట్టగొడుగులు వండేముందు తరిగి, మధ్యాహ్నం ఎండలో కాసేపు ఉంచితే వాటిలోనూ డి తయారవుతుంది.